కొమ్ములు దించితే 15 గజాలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎదుటివాడి హెల్మెట్ జాలీ పట్టుకుని మెడ మెలితిప్పితే 15 గజాల జరిమానా. పరుగెత్తేవాణ్ణి వెనకనుంచి మెడపట్టీ దొరకబుచ్చుకుని వెల్లకిలా పడేస్తే 15 గజాలు. బంతి విసిరేసి ఉత్త చేతులతో నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ మీద ఓ కొండలాంటి మనిషి తీరిగ్గా వచ్చి పడితే 15 గజాలు. చూపుడువేలూ చిటికెనవేలూ చాచి ఆ చేతిని నేలకేసి తిప్పితే? అదీ 15 గజాలే. మెడకీ వేలికీ ఒకటే రేటు.

హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నవాళ్లకి గజం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అమెరికా మైదానంలోనూ అంతే. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగడానికి మనుషులు కీళ్లు విరగ్గొట్టుకునే ఆట అది. అలాంటి ఆటలో రెండు వేళ్ల పేరు మీద 15 గజాలు రాసేశారంటే, ఆ వేళ్లలో ఏదో మహత్తు ఉండే ఉండాలి.

మహత్తు పుట్టింది 1955 నవంబరులో. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో, గ్రెగరీ జిమ్‌లో జరిగిన ఓ విద్యార్థి సభలో, చీర్‌లీడర్ల పెద్ద హార్లీ క్లార్క్ ఒక చేతి గుర్తు చూపించాడు. మధ్యవేలూ ఉంగరపువేలూ మడిచి బొటనవేలితో అదిమి, మిగతా రెండూ నిటారుగా నిలబెట్టాలి. వాళ్ల మస్కట్ పొడుగు కొమ్ముల ఎద్దు కాబట్టి అవి కొమ్ములన్నమాట. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీతో మ్యాచ్‌కి ముందు కుర్రాళ్లకి ఊపు తేవడానికి పెట్టిన సభ అది. ఆ మ్యాచ్ శుభ్రంగా ఓడిపోయారు. గుర్తు మాత్రం నిలిచిపోయింది. క్లార్క్ తర్వాత జడ్జి అయ్యాడు, 1987లో టెక్సస్‌లో బడులకి నిధులు పంచే పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాడు. పేద ఊళ్ల పిల్లల పక్షాన రాసిన ఆ తీర్పు ఇవాళ ఎందరికి తెలుసో గానీ, లక్షమంది పట్టే స్టేడియం మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం ఆయన రెండు వేళ్లనీ గాల్లోకి ఎత్తుతుంది. జడ్జిగారి కష్టం కంటే కుర్రచేష్టకే ఆయుష్షు ఎక్కువ.

మన కూచిపూడి పిల్లలకి ఈ హస్తం మరీ కొత్తేం కాదు, సింహముఖానికి దగ్గరి చుట్టం. డాలస్ చుట్టుపక్కల తెలుగిళ్లలో పొద్దున డాన్సు క్లాసులో సింహాన్ని పట్టిన చెయ్యే సాయంత్రం టీవీ ముందు ఎద్దయిపోతుంది. అమ్మానాన్నలకి ఆట ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పిల్లలు పట్టా తీసుకున్న రోజున ఆస్టిన్ టవర్ ముందు పట్టుచీరలో నిలబడి రెండు వేళ్లెత్తి ఫొటో దిగుతారు. ఫీజు కట్టిన చెయ్యి కదా, ఆ మాత్రం హక్కుంది. 2005 జనవరిలో అధ్యక్షుడు బుష్ కుటుంబం ప్రమాణస్వీకారపు వేడుకల్లో ఇవే వేళ్లు ఎత్తితే, నార్వేలో ఓ పత్రిక ఇదేమిటి సైతానుకి దణ్ణం పెడుతున్నారని బెంబేలెత్తిపోయింది. ఇటలీలో చూపిస్తే నీ పెళ్లాం నిన్ను మోసం చేస్తోందని అర్థం. అక్కడ 15 గజాలతో పోదు.

సరే, నేను పైకెత్తినదాన్ని నువ్వు కిందికి దించితే అదేమవుతుంది? దించడంలో ఆరితేరినవాళ్లు పక్క రాష్ట్రపు ఓక్లహోమా వాళ్లు. ఏటా అక్టోబరులో డాలస్ తిరనాళ్ల మైదానంలోని కాటన్ బౌల్ స్టేడియంలో రెండు జట్లూ తలపడతాయి. సరిగ్గా 50 గజాల గీత దగ్గర జనం రెండుగా చీలిపోతారు, అటు నారింజ, ఇటు ముదురెరుపు. ఎరుపువైపు పసిపిల్ల దగ్గర్నుంచి ముసలమ్మ దాకా అందరి వేళ్లూ నేలచూపులే చూస్తుంటాయి. దించిన కొమ్ముల బొమ్మతో చొక్కాలు, టోపీలు, స్టిక్కర్లు అమ్ముడుపోతుంటాయి. టీవీవాడు ఆ వేళ్లని వెతికి వెతికి దగ్గరగా చూపిస్తాడు. ఈ పగే లేకపోతే ఈ మ్యాచ్‌కి ఆ టికెట్టు ధర రాదని అందరికీ తెలుసు. అంత పెద్ద స్టేడియంలో ఆ గుర్తు చూపకూడనివాళ్లు ఎవరయ్యా అంటే, నిజంగా ఆడేవాళ్లు.

2018 నవంబరు 3న ఆస్టిన్‌లో వెస్ట్ వర్జీనియా 42-41తో టెక్సస్‌ని ఓడించింది. ఇంకా 16 సెకన్లు ఉందనగా బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్, ఆ వెంటనే క్వార్టర్‌బ్యాక్ విల్ గ్రియర్ తనే పరుగెత్తి తెచ్చిన రెండు పాయింట్లు. లక్షమంది గొంతులు ఒక్కసారిగా పడిపోయిన ఆ క్షణంలో కుర్రాడి చెయ్యి ఊరుకుంటుందా? తిరిగింది. రెఫరీ నడుముకున్న పసుపు గుడ్డ నేల మీద పడింది. అంతకుముందే అదే జట్టులో డేవిడ్ సిల్స్‌కి కూడా ఆ వేళ్ల కిందే జరిమానా పడింది. అప్పట్నుంచి బిగ్ 12 అనే ఆ లీగ్‌కి ఇదో రాజ్యాంగ సమస్య అయి కూర్చుంది. ఏటా వేసవిలో విలేకర్ల సమావేశం పెట్టడం, అంపైర్ల పెద్ద గ్రెగ్ బర్క్స్‌ని ఎవరో ఒకరు లేచి కొమ్ముల సంగతేమిటని అడగడం, ఆయన నీళ్లు నమలడం. 2021లో ఆయన చెప్పినదాని సారం ఇది: టెక్సస్ ఆటగాడి మొహం మీద దించితే బహుశా తప్పు, మీ అభిమానుల వైపు తిరిగి చటుక్కున దించి బెంచీకి వెళ్లిపోతే బహుశా తప్పు కాదు. అంతా సందర్భాన్ని బట్టి. 2024లో టెక్సస్, ఓక్లహోమా మూటాముల్లె సర్దుకుని ఎస్ఈసీ అనే ఇంకా పెద్ద లీగ్‌లో చేరాయి. అక్కడి అంపైర్ల పెద్దనీ ఆ జూలైలోనే ఇదే ప్రశ్న వేశారు. ఆయనా సందర్భాన్ని బట్టే అన్నాడు.

సందర్భమనే మాట మనకి తెలియనిది కాదు. నిండు సభలో తొడ చూపించినవాడి తొడ ఆఖరికి విరిగింది. అదీ నాభి కింద కొట్టకూడదన్న గదాయుద్ధపు రూలు తప్పి విరిగింది. ఇద్దరికీ గద నేర్పిన బలరాముడు రెఫరీ హోదాలో నాగలెత్తి మీదికొస్తే, కృష్ణుడు అడ్డం నిలబడి సందర్భం వివరించాడు. ఆ వివరణ విన్న బలరాముడు ఒప్పుకోకుండానే రథమెక్కి వెళ్లిపోయాడు. బర్క్స్ గారికి ఆ సౌకర్యం లేకపోయింది, మరుసటి ఏడూ సమావేశానికి రావాల్సి వచ్చింది.

అసలు ఆ రూల్‌బుక్కు తీసి చదవాలి. క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన అన్న అధ్యాయం రాసినవాడు పూర్వజన్మలో హాస్టలు వార్డెన్ అయి ఉంటాడు. ఎదుటివాడి వైపు వేలు చూపరాదు. పీక కోస్తున్నట్టు అభినయించరాదు. తుపాకీ పేల్చినట్టు నటించరాదు. ఇంతవరకూ ఒప్పుకుందాం. చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏదీ చప్పట్లు వినపడవే అన్నట్టు నిలబడరాదు. బంతిని ఎత్తుగా గాల్లోకి విసరరాదు. అడ్డొచ్చేవాడు ఎవడూ లేనప్పుడు గీత దగ్గర నడక తీరు మార్చరాదు, దూకరాదు. మంచి ఆట ఆడాక నడుం వంచి జనానికి వందనం చేయరాదు! మనం పిల్లల వీపు మీద చెయ్యేసి వంచి మరీ నేర్పే సంస్కారానికి అక్కడ 15 గజాలు. ఇలాంటివి రెండు చేస్తే ఆటలోంచి బయటికి. శిశుపాలుడికి వంద దాకా లెక్కపెట్టారు, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఓపిక రెండుతో సరి. 2011 నుంచి ఇంకో మెలిక: గీత దాటకముందే వెక్కిరిస్తే టచ్‌డౌనే రద్దు. మన కబడ్డీ ఆటగాణ్ణి అక్కడికి పంపిస్తే మొదటి కూతకి ముందే తొడగొట్టి మొదటి తప్పు, కూతయ్యాక మీసం మీద చెయ్యేసి రెండో తప్పు, ఆ తర్వాత బస్సు.

ఈ అధ్యాయం కాటు తిన్నవాళ్లని చూస్తే నవ్వు ఆగిపోతుంది. 2008 సెప్టెంబరులో వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జేక్ లాకర్, ఇంకా రెండే సెకన్లుండగా బీవైయూ మీద టచ్‌డౌన్ చేసి, ఆ సంతోషంలో బంతిని భుజం మీదుగా గాల్లోకి విసిరాడు. ఎవర్నీ తిట్టలేదు, ఎవరి వైపూ చూడలేదు. 15 గజాలు వెనక్కి. స్కోరు సమం చేయాల్సిన కిక్కు దూరమై, ఎదుటివాడి చేతికి తగిలి ఆగింది. 28-27, ఓటమి. 2010 డిసెంబరులో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కాన్సస్ స్టేట్ కుర్రాడు ఏడ్రియన్ హిల్బర్న్ టచ్‌డౌన్ చేసి ప్రేక్షకులకి సెల్యూట్ చేశాడు. సైనికుణ్ణి చూస్తే స్టేడియమంతా లేచి నిలబడే దేశంలో, జాతీయగీతం వేళ ఆకాశంలో యుద్ధ విమానాలు తిప్పే ఆటలో, సెల్యూట్ నేరమైంది. జట్టు 36-34తో ఓడింది. క్రీడాస్ఫూర్తి కాపాడబడింది, అందరూ ఇళ్లకి వెళ్లవచ్చు.

వీటన్నిటికీ తాత 2019లో జరిగింది. మిసిసిపీ రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఏటా జరిగే పోరుని ఎగ్ బౌల్ అంటారు. ఆ ఏడు పోరు స్టార్క్‌విల్‌లో, మిసిసిపీ స్టేట్ వాళ్ల సొంత గడ్డ మీద. వాళ్ల మస్కట్ బుల్‌డాగ్. థాంక్స్‌గివింగ్ రాత్రి, నాలుగు సెకన్లుంది. అవతలి జట్టు ఓల్ మిస్ కుర్రాడు ఎలైజా మూర్ బంతి పట్టి టచ్‌డౌన్ చేశాడు. 21-20. ఇక మామూలు కిక్కు పడితే స్కోరు సమం, ఆట అదనపు సమయానికి. మూర్ ఆలోచించలేదు. నాలుగు కాళ్ల మీద వంగి, నాలుగడుగులు పాకి, కరెంటు స్తంభం దగ్గర కుక్క ఎత్తినట్టు వెనకకాలు ఎత్తాడు. అదే కాలేజీ ఆటగాడు డీకే మెట్‌కాఫ్ 2017లో ఇదే పోరులో ఇదే కాలు ఎత్తాడు కాబట్టి, ఇది అప్పటికప్పుడు పుట్టిన కళ కూడా కాదు, ఘరానా సంప్రదాయం. పసుపు గుడ్డ పడింది. కిక్కు 15 గజాలు వెనక్కి జరిగింది. తప్పింది. మూడు రోజుల్లో ఓల్ మిస్ తమ కోచ్‌ని పంపించేసింది. అక్కడితో ఆగితే న్యాయమనుకోవచ్చు. గెలిచిన మిసిసిపీ స్టేట్ కూడా జనవరిలో తమ కోచ్‌ని సాగనంపింది! రెండు కాలేజీలూ కొత్త కోచ్‌లని భారీ జీతాలకి తెచ్చుకున్నాయి. కుర్రాడి కాలు దిగేసరికి రెండు ఊళ్ల ఖజానాలు తడిశాయి. ఆ కాలెత్తినవాడు మాత్రం 2021లో ప్రొఫెషనల్ లీగ్‌కి రెండో రౌండులో ఎంపికై హాయిగా వెళ్లాడు.

ఈ సంస్కార గ్రంథం ఎక్కడ మొదలైందో కూడా చెప్పుకోవాలి. 1991 జనవరి 1న, అదే కాటన్ బౌల్‌లో మయామీ జట్టు టెక్సస్‌ని 46-3తో చితక్కొట్టింది. మధ్యలో 202 గజాల జరిమానాలు కూడా కట్టింది. రాండల్ హిల్ అనేవాడు టచ్‌డౌన్ చేసి ఆగకుండా స్టేడియం సొరంగంలోకి పరుగెత్తి, వెనక్కి వస్తూ సినిమా హీరోలా గాల్లో పిస్తోళ్లు పేల్చినట్టు నటించాడు. దాంతో పెద్దలు కళ్లు తెరిచి వేడుకల మీద రూలు బిగించారు. జనం దాన్ని మయామీ రూలనే పిలిచారు. అప్పుడూ పడినవాళ్లు కొమ్ముల వాళ్లే, ఇప్పుడూ రూలు కొమ్ము కాస్తున్నది వాళ్లకే. యాదృచ్ఛికమే అయి ఉంటుంది.

గుర్తుకి ఇంత విలువిస్తున్నారు సరే, అసలు ఎద్దుకి ఏం చేశారు? టెక్సస్ మొదటి మస్కట్ ఎద్దు బీవో. 1915లో వాళ్ల మీద 13-0తో గెలిచిన, టెక్సస్ ఏ అండ్ ఎం అనే మరో విశ్వవిద్యాలయపు కుర్రాళ్లు 1917లో దొంగచాటుగా వచ్చి, కాల్చిన ఇనుముతో దాని ఒంటి మీద ఆ స్కోరు వాతగా పెట్టారు. 1920లో టెక్సస్ వాళ్లు అదే ఎద్దుని కోసి విందు చేసుకుని, ఏ అండ్ ఎం వాళ్లనీ భోజనానికి పిలిచి, వాత ఉన్న తోలు ముక్క వాళ్లకే బహుమతిగా ఇచ్చారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నారు గానీ, ఇక్కడ యజమాని విస్తట్లోకే వచ్చింది. నేటికీ ఏ అండ్ ఎం యుద్ధగీతం పాడేటప్పుడు జనమంతా ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు చేతులేసుకుని అటూ ఇటూ ఊగుతూ ఆ కొమ్ములని రంపంతో కోస్తున్నట్టు అభినయిస్తారు. అది విశ్వవిద్యాలయపు సొంత పాట. బ్యాండు వాయిస్తుంది, పెద్దమనుషులు పాడతారు, కన్నీళ్లు కూడా పెట్టుకుంటారు. రంపం సంప్రదాయం, వేలు అవమానం.

పెద్దవాళ్లు వెక్కిరిస్తే దాన్ని వ్యూహం అంటారు. 2007లో జార్జియా కోచ్ మార్క్ రిక్ట్, ఫ్లోరిడా మీద మొదటి టచ్‌డౌన్ చేయగానే వేడుక జరిమానా తెచ్చుకుని తీరాలని తన కుర్రాళ్లకి ముందే హుకుం వేశాడు. పడగానే బెంచీ మొత్తం లేచి మైదానంలోకి వచ్చి గెంతింది. జరిమానా కట్టారు, 42-30తో గెలిచారు. మరుసటి ఏడాది ఫ్లోరిడా కోచ్ అర్బన్ మేయర్ 49-10తో గెలుస్తూ, ఆట ముగియబోతుండగా టైమౌట్లు అడిగి మరీ గడియారం ఆపాడు, ఓడినవాళ్లు ఆ స్కోరుబోర్డుని ఇంకాసేపు చూస్తూ నిలబడాలని. రూల్‌బుక్కులో దానికి ఒక్క గజం కూడా జరిమానా లేదు. వేలితో వెక్కిరించేవాడు కుర్రాడు, గడియారంతో వెక్కిరించేవాడు మేధావి.

ఇక జెండాలు. 2017లో ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ ఒహాయో స్టేట్‌ని వాళ్ల ఊళ్లోనే ఓడించి మైదానం నడిబొడ్డున తమ జెండా పాతబోయాడు. అక్కడున్నది ప్లాస్టిక్ గడ్డి కాబట్టి అది దిగలేదు. క్షమాపణ చెప్పాడు, ఆ ఏడే ఆటలోకెల్లా గొప్పదైన హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. 2024 నవంబరు 30న అదే గడ్డ మీద 13-10తో గెలిచిన మిషిగన్ కూడా జెండా పట్టుకొచ్చింది. ఈసారి కొట్టుకున్నారు, పోలీసులు మిరియాల స్ప్రే కొట్టారు, లీగ్ రెండు విశ్వవిద్యాలయాలకీ చెరో లక్ష డాలర్ల జరిమానా వేసింది. అంతటితో మనసు కుదుటపడని ఓ ఒహాయో శాసనసభ్యుడు, ఆ స్టేడియంలో జెండా పాతడాన్ని జైలుకి పంపగల నేరంగా చేస్తూ ఏకంగా బిల్లు పెట్టాడు. పేరు క్రీడాస్ఫూర్తి చట్టం. ప్లాస్టిక్‌లో దిగని జెండా కోసం మనిషిని జైల్లో దింపే ఆలోచన. మన అసెంబ్లీల్లో తొడలు కొట్టుకునేవాళ్లు నయం, కనీసం దాని మీద చట్టం చేయలేదు.

ప్రేక్షకుడి చేతికి మాత్రం ఈ వ్యవస్థలో తిరుగులేదు. 2024 అక్టోబరులో ఆస్టిన్‌లో జార్జియాతో ఆట. రెఫరీ ఇచ్చిన ఒక నిర్ణయం టెక్సస్ జనానికి నచ్చలేదు. మైదానంలోకి సీసాలు పడ్డాయి. ఆట ఆగింది, సీసాలు ఏరుతున్నారు. ఈలోగా రెఫరీలు గుంపుగా కూడి మాట్లాడుకుని నిర్ణయం మార్చేశారు! ఆనక లీగ్ టెక్సస్‌కి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది గానీ, మారిన నిర్ణయం మారినట్టే ఉంది. మ్యాచ్ జార్జియానే గెలిచిందనుకోండి. కొమ్ము దించితే గజాలు పోతాయి, సీసా విసిరితే గజాలు వస్తాయి. టెక్సస్ మర్యాదకి అదొక కొలత.

డబ్బు సంగతి ఎత్తకపోతే కథ సగమే. 2011లో టెక్సస్, ఈఎస్‌పీఎన్ కలిసి కేవలం ఆ కొమ్ముల పేరు మీద ఒక టీవీ చానెలే పెట్టాయి. 20 ఏళ్లకి 30 కోట్ల డాలర్ల ఒప్పందం. ఏ అండ్ ఎం 2023లో తమ కోచ్ జింబో ఫిషర్‌ని ఉద్యోగంలోంచి తీసేసి, ఇంట్లో కూర్చోవడానికి 7.5 కోట్ల డాలర్లకి పైగా ఇవ్వడానికి సిద్ధపడింది. ఈ మొత్తం వ్యాపారానికి ఎముకలు అరువిచ్చిన కుర్రాళ్లకి తమ పేరు మీద రూపాయి సంపాదించుకోవడానికి 2021 జూలై దాకా అనుమతే లేదు. ఎద్దు బొమ్మ ట్రేడ్‌మార్కు, పగ ప్రసార హక్కు, పాట వారసత్వం. అన్నీ రిజిస్టరయిపోయాక కుర్రాడికి మిగిలిన సొంత ఆస్తి రెండు వేళ్లు, వాటి మీద కూడా పన్ను వేశారు.

నన్నడిగితే ఈ పన్ను మానేసి అద్దెకివ్వడం మేలు. 2024లో ఎన్‌సీఏఏ కాలేజీ మైదానాల గడ్డి మీదే కంపెనీల ప్రకటనలు వేసుకోవచ్చని అనుమతిచ్చింది. గడ్డికి లేని పట్టింపు వేలికెందుకు? ఒక్కో వెక్కిరింపుకీ ధర కట్టండి. నేలచూపు కొమ్ములకి ఇంత, చెవి దగ్గర చేతికి ఇంత, నడుం వంచిన దణ్ణానికి పండగ రాయితీ, కుక్క కాలికి వేలంపాట. ఎటూ పసుపు గుడ్డ పడగానే రెఫరీ మైకు నొక్కి నేరం ఏమిటో దేశమంతటికీ చదివి వినిపిస్తాడు. ఇంకో వాక్యం చదివితే ఏం పోయింది: ఈ 15 గజాలను మీకు సమర్పిస్తున్నవారు ఫలానా బీరు కంపెనీ, క్రీడాస్ఫూర్తికి మారుపేరు.